పసుపు డబ్బా మీది అక్షరాలు

నాన్నా,

నువ్వు పోయి నేటికి ఏడాది. అమ్మా నేనూ రోట్లో దంచిన పసుపు ఇవాళే ప్యాకెట్లలోకి ఎక్కింది.

ప్యాకెట్ మీద పేరు ఎలాంటి అక్షరాల్లో వేయించాలో తేలక రాయగడ ప్రెస్సులో రెండు రోజులు కూర్చున్నాను. ఒక ఫాంటు పెళ్లికార్డులా ఉంది, ఇంకోటి సినిమా పోస్టరులా అరుస్తోంది. విసుగొచ్చి మన వంటింట్లో పసుపు డబ్బా పట్టుకెళ్లాను. కొట్ల బోర్డులు రాయగా మిగిలిన ఎర్ర రంగుతో నువ్వు దానిమీద ‘పసుపు’ అని రాశావు కదా, అదే.

ప్రెస్సాయన దాన్ని ఫోటో తీసి కంప్యూటర్లో పెద్దది చేశాడు. “అమ్మీ, తలకట్లు ఒడియా అచ్చరాల్లాగ గొడుగులేసుకున్నాయేటి? సరిసేసెయ్యనా?” అన్నాడు.

పగలంతా ఒడియా బోర్డులు రాసిన చెయ్యి ఇంటికొచ్చాక మాత్రం ఊరుకుంటుందా! “ముట్టుకోకండి” అన్నాను.

సాయంత్రం బజార్లో ఒడియా కొట్టావిడకు మొదటి ప్యాకెట్ ఇచ్చాను. ఆవిడకు తెలుగు మాట్లాడడమే వచ్చు, చదవడం రాదు. ప్యాకెట్ అటూ ఇటూ తిప్పి, బయటికొచ్చి, తలెత్తి నువ్వు రాసిన తన కొట్టు బోర్డు వైపు చూసింది.

“మీ నాన్న సెయ్యే కదేటి, అమ్మీ?” అంది.