ఎన్నికలయ్యేదాకా నడవకూడని పిల్ల

సారీ-బులాక్, సెప్టెంబరు 12

జిల్లా ఎన్నికల సంఘం కార్యదర్శి గారికి, సారీ-బులాక్ గొర్రెల కాపరి జోల్చుబెక్ సలాములు.

మీరూ, మీ పశువులూ క్షేమమని తలుస్తాను.

ఈసారి నేను గ్రామ మండలికి నిలబడ్డాను. మా వీధి కుళాయిలో నీళ్లు రాక రెండేళ్లయింది. ఆ పైపు సంగతి తేల్చాలని నా కోరిక. పోటీలో ఉన్నది ఒక్కరే, పశువుల ఆసుపత్రిలో పనిచేసే తుర్దుకన్. మంచి మనిషే గాని నోరు పెద్దది.

అసలు సంగతి వేరు. నా మనవరాలు బెర్మెత్ లేచి నిలబడుతోంది. అడుగులు స్థిరపడకముందే నలుపు తెలుపు ఉన్నిదారంతో పిల్ల కాళ్లు కట్టి, ఊళ్లోవాళ్లను పందెం పరిగెత్తించి, గెలిచినవాళ్ల చేత ఆ దారం కోయించాలి. లేకపోతే పిల్ల బతుకంతా తట్టుకుని పడుతూనే ఉంటుందని మా వాళ్ల భయం. ఈ నెల 22న ముహూర్తం పెట్టుకున్నాం. దారం కోశాక ఊరంతటికీ విందు. మీరేమో, అభ్యర్థి ఓటర్లకు ఏమీ ఇవ్వరాదని కొట్టు గోడకు కాగితం అంటించారు. ఊళ్లో ఓటర్లు రెండువందల పన్నెండు మంది. అందరూ నాకో నా భార్యకో చుట్టాలే. ఏం చెయ్యమంటారు?

ఇట్లు,
జోల్చుబెక్

తా.క.: టీ లెక్కలోకి రాదు కదా?


జిల్లా కేంద్రం, సెప్టెంబరు 13

గౌరవనీయులైన జోల్చుబెక్ పెద్దయ్య గారికి నమస్కారాలు.

నాకు పశువులు లేవు. పిల్లి ఉంది, క్షేమం.

నియమావళి ప్రకారం భోజనం కూడా ఓటరుకు కలిగించే ప్రయోజనమే. కనుక అభ్యర్థిగా ఉన్నంతకాలం మీరు ఓటర్లకు విందు ఇవ్వడానికి వీల్లేదు. పోలింగు అక్టోబరు 6న. అది అయ్యేదాకా వేడుక వాయిదా వేసుకోవలసిందిగా సవినయంగా సూచిస్తున్నాను. టీకి నియమావళిలో ప్రత్యేక మినహాయింపు కనబడలేదు. రెండుసార్లు వెతికాను.

భవదీయురాలు,
గుల్‌సైరా, కార్యదర్శి

తా.క.: ఇది కార్యాలయం తరఫున కాదు. దారం పేనేటప్పుడు తెల్లపోగు కొంచెం ఎక్కువ పెట్టమని మా అమ్మ చెప్పమంది.


సారీ-బులాక్, సెప్టెంబరు 16

అమ్మా గుల్‌సైరా, దీవెనలు.

నియమావళి నేను చదివాను, బెర్మెత్ చదవలేదు. నిన్న మూడడుగులు వేసింది. "ఆగవే, ఇంకా ఎన్నికలు కాలేదు!" అంటూ నా భార్య బూరుల్ దాన్ని ఎత్తి ఒళ్లో కూచోబెట్టుకుంది. అప్పటినుంచి పిల్లను నేల మీద పెట్టడం లేదు. వంతులు వేసుకుని మోస్తున్నాం. పోలింగు దాకా ఇలా మోస్తే మా నడుములు విరుగుతాయి, అది నడక మరిచిపోతుంది.

టీ విషయంలో నువ్వు చెప్పినట్టే నడుచుకున్నాను. మా బావమరిది వచ్చి గంటసేపు కూచున్నాడు. అతని ముందు ఏమీ పెట్టలేదు. "ఏం బావా, పొయ్యి ఆరిపోయిందా?" అన్నాడు. నీ ఉత్తరం చేతికిచ్చాను. చదివి, టోపీ పెట్టుకుని వెళ్లిపోయాడు. వెళ్లి, జిల్లావాళ్లు ఊళ్లో టీ నిషేధించారని చాటేశాడు. ఇప్పుడు ఊరంతా తెరలు వేసుకుని తాగుతోంది. తుర్దుకన్ అయితే టీ కాచే సమోవారును కొట్టంలో, ఆవు వెనకాల దాచిందట.

ఇట్లు,
జోల్చుబెక్

తా.క.: బూరుల్ కూడా ఓటరే. తనకు నా ఇంట్లో రాత్రి భోజనం పెట్టవచ్చునా? అనుమతి రాతలో కావాలంటోంది. వెటకారమని నా అనుమానం.


జిల్లా కేంద్రం, సెప్టెంబరు 18

గౌరవనీయులైన పెద్దయ్య గారికి నమస్కారాలు.

సారీ-బులాక్‌లో టీ నిషేధం లేదు. ఈ మాట అచ్చువేయించి పంపుతున్నాను, దయచేసి కొట్టు గోడకు అంటించండి. ఒకే ఇంట్లోవారు కలిసి భోంచేయడం ఓటర్లను ప్రలోభపెట్టడం కిందికి రాదు. బూరుల్ గారికి ఇదే లిఖితపూర్వక అనుమతి.

మీ ఊరినుంచి ఇప్పటికి నాలుగు ఫిర్యాదులు వచ్చాయి. మూడు టీ గురించి. నాలుగోది, అభ్యర్థి ఓటరుకు ఏమీ పెట్టకుండా పంపడం ఓటరును అవమానించడం కాదా అని. దానికి జవాబు వెతుకుతున్నాను.

తెలియజేయడం నా బాధ్యత గనుక ఒక్క మాట. నామినేషన్ ఉపసంహరించుకున్నవారు అభ్యర్థి కారు, వారి విందుకు ఏ అడ్డూ ఉండదు. గడువు ఈ నెల 20 సాయంత్రం ఆరు గంటలు. ఇది సలహా కాదు, సమాచారం మాత్రమే. మీకు ఆ పైపు మీద ఎంత పట్టుదలో నాకు తెలుసు.

భవదీయురాలు,
గుల్‌సైరా

తా.క.: మొదట వేసింది ఏ కాలో మా అమ్మ అడుగుతోంది.


సారీ-బులాక్, సెప్టెంబరు 23

అమ్మా గుల్‌సైరా, దీవెనలు.

నా ఉపసంహరణ కాగితం శుక్రవారమే పాలబండి డ్రైవరు చేత పంపాను, అందే ఉంటుంది. రాసేటప్పుడు పైపు గుర్తొచ్చిన మాట నిజం. పోనీలే, మండలి ఎన్నిక మళ్లీ వస్తుంది. బెర్మెత్ తొలి అడుగు మళ్లీ వస్తుందా?

నిన్న ఆదివారం విందు చేశాం. గిన్నెల లెక్కన నూట ఎనభై ఏడుగురు తిన్నారు. వారం రోజులు తెరచాటున తాగినందుకు కసిగా టీ మాత్రం నలుగురి వంతు ఒక్కొక్కరు తాగారు.

పందెం సంగతి విను. ఆడవాళ్ల పరుగులో ఊరి కోడళ్లు పదకొండుమంది వరసలో నిలబడ్డారు. తుర్దుకన్ కూడా వచ్చి నిలబడింది. యాభై ఎనిమిదేళ్ల మనిషి, కాళ్లకు ఆసుపత్రి రబ్బరు బూట్లు. "వదినా, పక్కకు తప్పుకో, తొక్కేస్తారు!" అని అరిచాను. "నువ్వు ఎన్నికల్లోనుంచి తప్పుకున్నావుగా, చాల్లే!" అని నా మీద అరుస్తూనే పరుగందుకుంది. గెలిచింది! రొప్పుతూ వంగి దారం కోసింది. బెర్మెత్ తిన్నగా నడిచి వెళ్లి ఆ బూటు పట్టుకుంది.

ఇట్లు,
జోల్చుబెక్

తా.క.: కుడికాలు. మీ అమ్మగారికి చెప్పు.


జిల్లా కేంద్రం, అక్టోబరు 8

గౌరవనీయులైన పెద్దయ్య గారికి నమస్కారాలు.

ఈ ఉత్తరం రాయడం నాకు కష్టంగా ఉంది. మీ కాగితం 20న సాయంత్రం ఆరు గంటల నలభై నిమిషాలకు చేరింది. గడువు దాటింది గనుక చెల్లలేదు. మీరు ఇంకా అభ్యర్థేననీ, విందు ఆపమనీ మర్నాడే అదే డ్రైవరు చేత ఉత్తరం పంపాను. అతను నేరుగా మీ విందుకు వచ్చాడనీ, ఉత్తరం కోటు జేబులోనే ఉండిపోయిందనీ నిన్ననే ఒప్పుకున్నాడు.

కనుక మీరు అభ్యర్థిగా ఉండి నూట ఎనభై ఏడుగురు ఓటర్లకు విందు ఇచ్చారు. మీ ఉత్తరమే సాక్ష్యం. దాన్ని సంఘం ముందు పెట్టక నాకు తప్పలేదు. విచారణ పోలింగు తరువాత జరగాలనీ, అంతదాకా నేను మీకు రాయరాదనీ నిర్ణయించారు. అది నిన్న జరిగింది.

పోలైన ఓట్లు నూట తొంభై తొమ్మిది. తుర్దుకన్ గారికి నూట తొంభై. మీకు తొమ్మిది.

ఈ విందు అభ్యర్థికి ఏ రకమైన మేలూ చేయలేదని సంఘం ఏకగ్రీవంగా తీర్మానించి కేసు మూసివేసింది. ఇంత స్పష్టమైన రుజువు ఇంతవరకు చూడలేదని అధ్యక్షులు అన్నారు.

భవదీయురాలు,
గుల్‌సైరా

తా.క.: నాలుగో ఫిర్యాదుకు జవాబు ఇంకా దొరకలేదు.


సారీ-బులాక్, అక్టోబరు 10

అమ్మా గుల్‌సైరా, దీవెనలు.

ఓడినందుకు బాధ లేదు. తుర్దుకన్ నిన్ననే పైపు కోసం జిల్లాకు బయలుదేరింది, ఆ రబ్బరు బూట్లతోనే. కార్యాలయంలో ఎదురుపడితే దారివ్వండి.

నా బాధల్లా ఆ తొమ్మిది దగ్గరే. మా ఇంట్లో ఓటున్నవాళ్లం పదకొండుమందిమి! బయటివాళ్లు ఒక్కరు కూడా వేయలేదనుకున్నా ఇంట్లో రెండు తగ్గాయి. రాత్రి అందరినీ భోజనాల దగ్గర కూచోబెట్టి నిలదీశాను. కొడుకులు రొట్టె ముట్టుకుని ఒట్టు వేశారు. కోడళ్లు కళ్లనీళ్లు పెట్టుకున్నారు. చివరికి బూరుల్ గిన్నె కిందపెట్టి, "ఒకటి నాది. ఏం? నీకు నీళ్లు కావాలా, పదవి కావాలా?" అంది. ఆ రెండోది ఎవరిదో తేలక ఇంట్లో ఒకరినొకరు అనుమానంగా చూసుకుంటున్నారు. పెద్దకోడలు చిన్నకోడలితో మాట్లాడటం లేదు.

వీలు చూసుకుని మీ అమ్మగారిని తీసుకుని రా. ఇప్పుడు నేను అభ్యర్థిని కాను, టీ పోస్తాను.

ఇట్లు,
జోల్చుబెక్

తా.క.: ఈ ముక్క చదివి చించెయ్యి తల్లీ. తప్పుకున్నాననే అనుకుని ఓటెయ్యడానికి వెళ్లాను. బ్యాలెట్ మీద నా పేరు చూసి, పాత కాగితం అచ్చువేశారనుకున్నాను. తుర్దుకన్ పేరు చూడగానే ఆ పరుగు కళ్లముందు మెదిలింది. రెండోది నాదే.