పిచ్చుక ఊపిరి

ప్రియమైన తమ్ముడికి,

నువ్వు పచ్చి అబద్ధాలకోరువి. రేడియో స్టేషన్‌కి పాతికేళ్లు నిండాయని నువ్వు అచ్చేయించిన చరిత్ర చదివాను. నూట నలభై పేజీలు. మొదటి టవర్ ఫొటో ఉంది, ప్రకటనలిచ్చినవాళ్ల ఫొటోలున్నాయి, నువ్వు రిబ్బన్ కత్తిరిస్తున్నవి నాలుగున్నాయి. పదిహేడేళ్లు పొద్దున ఆరు నుంచి పది దాకా ఈ నగరాన్ని నిద్రలేపిన మన చెల్లెలు ఎక్కడరా? వినేవాళ్లంతా పిచ్చుక అని పిలుచుకున్న మనిషికి నీ పుస్తకంలో ఒక్క వాక్యం దక్కలేదు.

‘హిట్ పాటల స్టేషన్‌లో క్షణం కూడా ఖాళీ ఉండకూడదు’ అని గొప్పగా రాసుకున్నావు. ఆ ఖాళీ ఏమిటో రాయలేదు. మాటకీ మాటకీ మధ్య చెల్లెలు పీల్చిన గాలి. “అక్కా, ఆ ఊపిర్లు తీసెయ్. ముసలిదానిలా వినిపిస్తోంది” అన్నావు. నేను బ్లేడు పట్టుకుని, అది ముందురోజు రికార్డు చేసిన టేపుల్లోంచి ఊపిర్లు కోసి, చివరలు అతికించాను. అంగుళం, అంగుళన్నర ముక్కలు. అన్నీ చెత్తబుట్టలోకే. అది పక్కన కూర్చుని నవ్వేది: “కొయ్యవే అక్కా, నా దగ్గర ఇంకా బోలెడున్నాయి.”

గొంతు పాతబడిందని సర్వే కాగితాలు చూపించి, ముప్పైతొమ్మిదో ఏట దాన్ని దింపేశావు. పదకొండు నెలలకి న్యుమోనియాతో పోయింది. గొంతుని మాత్రం నువ్వు వదల్లేదు. స్టేషన్‌లో పది సెకన్లు ఏ శబ్దమూ రాకపోతే యంత్రం తనంతట తాను వేసే టేపు ఈనాటికీ దానిదే. “మేమిక్కడే ఉన్నాం. ఎక్కడికీ వెళ్లకండి.” రోజూ పనికిరాని గొంతు ఆపదకి పనికొచ్చిందన్నమాట.

ఆ పుస్తకం వెనక్కి తీసుకో.

నీ అక్క


తమ్ముడూ,

పుస్తకం ఊసెత్తకుండా ఆపరేటర్ మీద రెండు పేజీలు రాశావు. నెలకోసారి పదింటికి కాస్త ముందు స్టేషన్ మూగబోతోందట. అంతా అతని నిర్లక్ష్యమేనట. సోమవారం ఉద్యోగంలోంచి తీసేస్తావట. ఒలుకుతుందేమోనని బల్ల మీద మంచినీళ్ల గ్లాసు కూడా పెట్టుకోని మనిషి అతను.

అతను కాదు. నేను.

రెండేళ్లుగా యంత్రాల గదిలో తీగ పీకుతున్నది నేనే. పీకి పది దాకా లెక్కపెట్టేదాన్ని. చెల్లెలు మాట్లాడేది. మళ్లీ తీగ పెట్టి, కళ్లు తుడుచుకుని, రిజిస్టర్‌లో ‘కారణం తెలియదు’ అని రాసేదాన్ని. మీటింగుల్లో కార్మికుల తరఫున గొంతు చించుకునేదాన్ని నేనే, కరపత్రాలు రాసేదాన్నీ నేనే. అలాంటిదాన్ని, అతను నీ మెమో అందుకుని సంతకం పెడుతుంటే కిటికీలోంచి రోడ్డు చూస్తూ నిలబడ్డాను.

రాజీనామా, గది తాళంచెవి ఈ కవర్లోనే పెడుతున్నాను. యంత్రంలోని టేపు నేనే తీసి తెచ్చుకున్నాను. అది మన చెల్లెలిది, నీ స్టేషన్‌ది కాదు. అతని జోలికి పోకు.

అక్క


చిన్నోడా,

పొద్దున ఫోన్‌లో అరిచావు. “మళ్లీ నువ్వేనా అక్కా? తాళంచెవి ఇంకోటి చేయించి పెట్టుకున్నావా?” నేను మాట్లాడేలోపే పెట్టేశావు. ఇప్పుడు విను.

పదింటికి రెండు నిమిషాలుందనగా నేను నా వంటింట్లో ఉన్నాను. రేడియో పాడుతోంది. టేపు డబ్బా నా ఎదురుగా బల్ల మీదే ఉంది. పాట ఠక్కున ఆగింది. అలవాటుకొద్దీ లెక్కపెట్టాను. పది. మాట రాలేదు, రావడానికి యంత్రంలో టేపే లేదు. ఊపిరి వచ్చింది.

ఒకటి, తర్వాత ఇంకొకటి. జలుబు చేసిన వారం నేను కోసింది, చివర్లో సన్నగా ఈల. మెట్లెక్కి పరిగెత్తుకొచ్చి మైకు ముందు కూలబడిన రోజుది. పకపకా నవ్వి, ఆ తర్వాత పీల్చుకున్నది. ప్రతిదీ గుర్తుపట్టాను, నా చేత్తో కోసినవే కదా. నలభై ఒక్క ఊపిర్లు లెక్కపెట్టాక పాట మొదలైంది.

వెంటనే ఆపరేటర్ ఫోన్ చేశాడు. “మేడమ్, యంత్రం ఖాళీగా ఉంది, మీటరు ముల్లు మాత్రం ఊగింది. నేను దేన్నీ ముట్టుకోలేదు, ఒట్టు. పిచ్చుకగారికి ఒంట్లో బాలేదా అని జనం ఒకటే ఫోన్లు. ఏం చెప్పమంటారు?”



సాయంత్రం నువ్వు మళ్లీ చేశావు. ఈసారి అరవలేదు. “అక్కా, అది మాట్లాడబోతోందా?” అన్నావు. నాకూ అదే అనిపించింది. మనిషి అంతేసి గాలి పీల్చేది మాట్లాడటానికే. మనం దాన్ని పదిహేడేళ్లు ఊపిరి తిప్పుకోనివ్వలేదు, ఇప్పుడు తీరిగ్గా తిప్పుకుంటోంది. ఏం చెబుతుందో నాకు తెలియదు. నా పేరు కూడా వస్తుంది, రానీ.

నేను అడుగుతున్నవి ఇవి:

ఆపరేటర్ మెమో చింపెయ్. తప్పు నాదని నోటీసు బోర్డులో పెట్టు.

పుస్తకాలన్నీ వెనక్కి తెప్పించు. చెల్లెల్ని ఎందుకు దింపావో నీ చేత్తో రాసి, మళ్లీ అచ్చేయించు.

ఇక మీదట ఎవరి ఊపిరీ కత్తిరించవద్దు.

రేపు పదింటికి రెండు నిమిషాలుండగా పాట నువ్వే ఆపు.

అది చెప్పడం పూర్తయ్యేదాకా ఏ పాటా వెయ్యకు.

అక్క