మీ గోడ మీది చెరువు

తహసీల్దారు గారికి,

మీ కుర్చీ వెనక గోడకున్న బొమ్మ గీసినవాడి నమస్కారాలు. డ్రాయింగ్ మాస్టారుగా రిటైరైనప్పటి నుంచి నేను మా ఊరి చెరువు తప్ప మరొకటి గీయలేదు. అందులో ఒకటి నిరుడు మీ ఆఫీసుకు కానుకగా ఇచ్చాను. వచ్చినవాళ్లందరికీ చూపించి మెచ్చుకుంటున్నారని విని పొంగిపోయాను కూడా.

మొన్న కరువు చూడ్డానికి వచ్చిన బృందం ఎండకు జడిసి మా ఊరిదాకా రాలేదట. మీ గదిలోనే టీ తాగి, ఆ బొమ్మ చూసి, "చెరువు నిండుగా ఉంది" అని రాసుకుని పోయిందట. కరువు జాబితాలో మా ఊరి పేరు లేదు.

అయ్యా, నేను గీసింది ఎండిన చెరువు. కింద బెత్తెడు బీటల నేల, పైనంతా నీలాకాశం. మీ అటెండరు సుంకప్ప దాన్ని తలకిందులుగా తగిలించాడు. నా సంతకం పైమూలలో శీర్షాసనం వేసి ఉంది, చూడండి. అడిగితే, "నీలం కిందుంటేనే గదా సార్ చెరువు! మీద పెడితే నీళ్లు యాడ నిలుస్తాయి?" అన్నాడు.

కనుక మా ఊరి పేరు జాబితాలో చేర్చండి. అనుమానముంటే మీరే వచ్చి చెరువులో దిగండి. ప్యాంటు మడవనక్కరలేదు.

బొమ్మను మాత్రం తిప్పకండి. నిన్న మా ఆవిడను తీసుకొచ్చి చూపిస్తే, చాలాసేపు నిలబడి, "అబ్బ, ఎన్నేండ్లకు నిండె మన చెరువు!" అన్నది.

ఇట్లు,
ఈసారి సంతకం కిందే పెట్టిన
డ్రాయింగ్ మాస్టారు