చలికి నోరు మూసుకున్న వరుస

3 మార్చి

మహారాణి మళ్లీ అలిగింది.

మహారాణి అంటే మా కెమెరా. పెద్ద రేడియో టెలిస్కోపుకి కన్నుగా పెట్టాలని మా ల్యాబ్‌లో కడుతున్నాం. మామూలు ఫోటోల కెమెరా కాదు. లోపల బోలోమీటర్లని చిన్న చిన్న చిప్పులుంటాయి. ఆకాశం నుంచి రవ్వంత వేడి తగిలినా వాటికి తెలియాలి. అలా తెలియాలంటే మంచు కూడా వెచ్చగా అనిపించేంత చలిలో ఉండాలి. చల్లబరచడానికి వారం, మళ్లీ వేడెక్కించడానికి దాదాపు ఇంకో వారం. తొందరపడి మూత తీశామా, మొదటికే మోసం.

ఇవాళ పూర్తిగా చల్లబడింది. మధ్య వరుసలో ఒక్క పిక్సెలూ, అంటే ఒక్క చిప్పూ, పలకడం లేదు. వైరింగ్ చేసింది నేనే.

4 మార్చి

పెద్దాయన మీటింగ్ పెట్టారు. ప్రాజెక్టు లీడర్ కదా, పేరు పెట్టి ఎవరూ పిలవరు. నెలాఖరుకి కెమెరా బండెక్కకపోతే టెలిస్కోపు వాళ్లు మా వంతు వేరే టీముకి ఇచ్చేస్తారట. మళ్లీ వంతు ఎప్పుడో వాళ్లకే తెలియదట. చిప్పులే పోయుంటాయి, వరుసంతా మార్చేద్దాం అన్నారాయన. మార్చడానికి నెల చాలదు. అంటే వంతు పోయినట్టే. దీని కోసం నా పెళ్లికి కూడా సెలవు పీనాసిలా వాడుకున్నాను!

ఒళ్లు మండింది. చిప్పులు పోయాయని ఎవరు చూశారు? వెచ్చగా ఉన్నప్పుడు అవే చక్కగా పలికాయి. పోయినసారీ ఇదే తంతు. చల్లబరిస్తే నోరు మూసుకున్నాయి, మూత తీసి చూస్తే ఏ తప్పూ లేదు. చలిలో మాత్రమే వచ్చే జబ్బుని వెచ్చగా ఉన్నప్పుడు వెతికితే ఏం దొరుకుతుంది, నా తలకాయ!

6 మార్చి

పెద్దాయనా నేనూ మాట్లాడుకోవడం లేదు. కాఫీ మెషీన్ దగ్గర ఎదురుపడి ఇద్దరం గోడ మీద పోస్టరు చదివాం.

7 మార్చి, మధ్యాహ్నం

అక్క ఫోన్ చేసింది. కూతురికి రోజూ బడి టైముకి కడుపునొప్పి, డాక్టరు దగ్గరికి తీసుకెళ్తే మాయం. నొప్పి ఎక్కడో వదిలేసి ఎప్పుడు తగ్గుతోందో చూడమన్నారట ఆయన. చూస్తే, స్కూలు బస్సు వెళ్లిపోగానే తగ్గుతోందట! అక్క ఒకటే నవ్వు. నేను ఫోన్ పెట్టేసి ల్యాబ్‌కి పరిగెత్తాను.

మూత తీయాలంటే ఎలాగూ వేడెక్కించాలి. ఆ వేడెక్కేటప్పుడు ఏ పిక్సెల్ ఎప్పుడు నోరు విప్పుతోందో ఒక్కరమైనా చూశామా? బుద్ధుండాలి మాకు.

కెమెరాని చల్లబరిచే హీలియం చూసే టెక్నీషియన్ అందరికీ బాబాయే. నెమ్మదిగా వేడెక్కించమని బతిమాలాను. పసిపిల్లకి పాలు పట్టినట్టు పట్టాలా అని సణిగి, సరేనన్నాడు.

9 మార్చి

ఏమీ లేదు.

10 మార్చి

ఇవాళా లేదు. పెద్దాయన కొత్త చిప్పులకి ఆర్డరు తయారు చేయిస్తున్నారు. నాకు అన్నం సయించడం లేదు.

11 మార్చి, ఉదయం

పలికాయి!! ఒకదాని తర్వాత ఒకటి కాదు, వరుసంతా ఒక్కసారే. అన్ని చిప్పులూ కూడబలుక్కుని ఒకే క్షణంలో బాగుపడవు కదా. వాటన్నిటికీ ఉమ్మడిగా ఉన్నది ఒకే ఒక్క కనెక్టరు. చిప్పులు నిక్షేపంలా ఉన్నాయి.

13 మార్చి

మూత తీశాం. ఆ కనెక్టరుకి వెళ్లే వైర్లు బిర్రబిగుసుకుని ఉన్నాయి. నేను వదులుగానే వదిలాను. మా ప్రాజెక్టు బ్రోచరు ఫోటోలో చిందరవందరగా కనిపిస్తాయని, నీటుగా లాగి కట్టించింది పెద్దాయనే. చలికి వైరు కుంచించుకుని కనెక్టరుని లాగేస్తోంది, వేడెక్కితే మళ్లీ అతుక్కుంటోంది. చలికి లోహం కుంచించుకుంటుందని మాకు పాఠం చెప్పిందీ ఆయనే.

చెప్పాలా వద్దా అని వరండాలో కాసేపు తిరిగాను. చెప్పేశాను, కాస్త గట్టిగానే. ఆయన వంగి ఆ వైర్లని వేలితో మీటి చూసి, ఇంత అందంగా కట్టించి కొంప ముంచానా అన్నారు. తర్వాత ఆ కట్లు తెంచమని తనే కత్తెర తెచ్చిచ్చారు. నా కోపం ఎటు పోయిందో మరి, ఫక్కున నవ్వేశాను. ఆయనా నవ్వారు.

24 మార్చి

చల్లబడింది. మధ్య వరుస గలగలా పలుకుతోంది. బాబాయి ఈల వేశాడు. ఇక వేడెక్కించి, నెలాఖరుకల్లా ప్యాకింగ్.

19 ఏప్రిల్, పట్టపగలు, టెలిస్కోపు కంట్రోల్ రూమ్

రేడియో కంటికి పగలైనా రాత్రైనా ఒకటే. అనుకున్న గెలాక్సీ కనిపించింది. దాని పక్కన ఇంకో చిన్న మచ్చ, ముందుగా మధ్య వరుసకే చిక్కింది. మళ్లీ మళ్లీ చూశాం, పోవడం లేదు. ఏ పట్టికలోనూ లేదు. ఏమిటమ్మా అది అని పెద్దాయన అడిగారు.

తెలీదండీ అన్నాను. ఇంత సంతోషంగా ఆ మాట ఎప్పుడూ అనలేదు.