లేస్తానన్న మనిషి

ప్రియమైన తమ్ముడికి,

అక్క ప్రేమతో రాసేది. దేవుని దయవల్ల ఇక్కడ మేమిద్దరం బాగానే ఉన్నాం. బాగానే అంటే మరీ ఉత్సాహంగా ఉన్నామనుకోకు. మాత్రలు వేసుకుంటూ, ఒకరి కళ్ళజోడు ఒకరు వెతికిపెడుతూ రోజులు నెట్టుకొస్తున్నాం. నువ్వూ మరదలూ ఆరోగ్యంగా ఉన్నారని తలుస్తాను.

నీ ఉత్తరం వచ్చి చాలా రోజులైంది. అక్కకు ఒంట్లో ఎలా ఉందోనని మరదలు కంగారుపడి బావకు ఫోను చేసిందట. ఒంట్లో బాగాలేక కాదు. రాద్దామని కూర్చున్నప్పుడల్లా ఏదో ఒక పని గుర్తొచ్చేది, రాకపోతే నేనే గుర్తు తెచ్చుకునేదాన్ని. ఈ రోజు కాలేజీకి సెలవు. వంటింటి కుళాయి తానే బాగుచేస్తానని బావ పొద్దున్నే పానా పట్టుకుని, ఇల్లంతా తడిపి, ఇప్పుడు ప్లంబరును పిలుచుకు రావడానికి వెళ్ళారు. ఇక నాకు తప్పించుకునే దారి లేదు.

ముందు నువ్వడిగినవి చెబుతాను. భుజం నొప్పి అలాగే ఉంది. బోర్డు మీద చెయ్యెత్తి రాయడం తగ్గించాను. విద్యార్థుల్లో ఎవరో ఒకరు వచ్చి రాస్తున్నారు. రిటైరయ్యాక బావకు పొద్దెలా పోతోందని అడిగావు. కుళాయి సంగతి చెప్పాను కదా. క్రైస్తవ పౌరసత్వం మీద నా పుస్తకం ఎంతవరకు వచ్చిందని మరదలు అడిగింది. ఇంకా మూడో అధ్యాయంలోనే కూరుకుపోయి ఉంది. విశ్వాసి అధికారానికి ఎంతవరకు లోబడాలి, ఎక్కడ కాదనాలి అని ఇన్నేళ్ళుగా పాఠం చెబుతున్నాను. పిల్లలు బుద్ధిగా రాసుకుంటారు, పరీక్షలో నా మాటలే తిరిగి నాకు ఒప్పజెబుతారు. 

మొన్న మా విశ్వవిద్యాలయంలో పరిశోధనల సదస్సు జరిగింది. పొద్దున వైద్యం వాళ్ళు, ఆ తర్వాత అంతరిక్షం వాళ్ళు, ఇంజనీర్లు, మనస్తత్వశాస్త్రం వాళ్ళు. నా వంతు భోజనాలయ్యాక వచ్చింది. ముందు వరుసలో ఒక ప్రొఫెసరుగారు హాయిగా గురక పెట్టారు. పక్కాయన మోచేత్తో పొడిచేసరికి ఉలిక్కిపడి, నా ప్రసంగం అయిపోయిందనుకుని చప్పట్లు కొట్టారు. ఆయన్ని చూసి హాలంతా కొట్టింది. నేనింకా సగంలోనే ఉన్నాను! అక్కడ నవ్వేశాను కానీ, ఇంటికొచ్చి చెప్పులు విప్పుతుంటే ఏడుపొచ్చింది. అలసట రా, అంతకంటే ఏం కాదు.

ఇక నీ అసలు ప్రశ్న. మా విశ్వవిద్యాలయం ఆసుపత్రిలో ఆ పరీక్ష మధ్యలో ఎందుకు ఆగిపోయిందని అడిగావు. మరదలు కూడా ఈ ఉత్తరం చదువుతుంది కాబట్టి నీకు తెలిసినవి కూడా రాస్తున్నాను, విసుక్కోకు. అంతరిక్షంలో ఒంటి బరువు తెలియక ఎముకలు గుల్లబారిపోతాయి. దాన్ని భూమ్మీదే గమనించడానికి ఆరోగ్యంగా ఉన్నవాళ్ళను తల కిందికి వాలిన మంచాల మీద రెండు నెలలు పడుకోబెడతారు. తిండీ స్నానమూ అన్నీ పడుకునే. వాళ్ళలో కొందరి అరికాళ్ళకు ఒక పలక ఆనించి, రోజూ కాసేపు దాన్ని వణికిస్తారు. అలా చేస్తే ఎముకలు నిలుస్తాయా లేదా అన్నదే పరీక్ష. ఆ పలక తయారుచేసింది మా ఇంజనీరు తమ్ముడు, అంటే నువ్వే. నాలుగేళ్ళ కష్టం.

"సైన్సు ముక్క తెలియని బయటి మనిషెవరో కమిటీలో కూర్చుని అడ్డం పడ్డారట. ఆ మహానుభావులెవరో కనుక్కో అక్కా. వాళ్ళనే రెండు నెలలు తలకిందులుగా పడుకోబెడితే తిక్క కుదురుతుంది" అని రాశావు. కనుక్కోవాల్సిన పని లేదు, తెలుసు. కానీ ఆ పేరు కంటే ముందు ఆ వార్డులో ఏం జరిగిందో నువ్వు వినాలి.

పడుకున్నవాళ్ళలో ఒకాయన బట్టలు ఇస్త్రీ చేసేవాడు. నర్సులంతా ఆయన్ని ఇస్త్రీ బాబాయ్ అనేవాళ్ళు. "వయసొచ్చినకాడి నుంచి నిలబడే బతికానమ్మా. పడుకోవడమే పని అన్నారు. పరిగెత్తుకొచ్చా" అని అందరితో చెప్పేవాడట. మొదట్లో వార్డులో అందరికంటే హుషారుగా ఉన్నది ఆయనే. దుప్పటి మార్చినప్పుడల్లా, "దీన్ని ఇస్త్రీ చేసినోడెవడో చూపించండమ్మా, చెవి మెలిపెడతా" అని నవ్వించేవాడు.

ఒక రోజు పొద్దున కాఫీ తెచ్చిన నర్సుతో, "నేను లేస్తానమ్మా" అన్నాడు.

ఆమె పెద్ద డాక్టరుకు చెప్పింది. ఆయన మంచివాడు, ఎవరిమీదా గొంతు పెంచి ఎరగడు. వచ్చి మంచం పక్కన కూర్చుని, "ఇంకొక్క వారం ఓపిక పట్టండి, చూద్దాం" అన్నాడు. మనస్తత్వశాస్త్రం మేడమ్ వచ్చి ఎందుకు లేవాలనుందని రకరకాలుగా అడిగింది. "కారణమేం లేదమ్మా. లేవాలనుంది" అన్నాడు. మనసు కాస్త డీలా పడింది, దానంతటదే సర్దుకుంటుంది అని ఆమె రాసుకుని వెళ్ళింది. వారం గడిచాక ఆయన మళ్ళీ అడిగాడు. మళ్ళీ వాళ్ళు మెత్తగా మాట్లాడి సర్దిచెప్పారు. మధ్యలో లేచిపోయే హక్కు ఆయనకుందని మొదటి రోజే చెప్పారు. ఎవరూ ఆయన్ని కట్టేయలేదు. కానీ అన్నాళ్ళు పడుకున్నాక మనిషి తనంతట తాను నిలబడలేడు కదా. సాయం పట్టండని అడిగితే ఒక్కరూ రాలేదు.

చివరికి ఆ నర్సే ఉండబట్టలేక కమిటీకి ఫోను చేసింది. మనుషుల మీద చేసే పరిశోధనలన్నింటినీ చూసి, సరే అనో కాదు అనో చెప్పే కమిటీ అది. అందులో శాస్త్రం చదవని బయటి మనిషి ఒకరు తప్పక ఉండాలని నియమం. వెళ్ళి ఇస్త్రీ బాబాయ్‌తో మాట్లాడి రమ్మని ఆ మనిషినే పంపారు.

ఆ మనిషిని నేనే రా.

రెండేళ్ళుగా ఆ కమిటీలో ఉన్నాను. లోపలి సంగతులు ఇంట్లో మాట్లాడకూడదు కాబట్టి బావకు కూడా చెప్పలేదు. ఈ పరీక్షకు అనుమతి నేను చేరకముందే ఇచ్చారు, నీ పలక సంగతి మళ్ళీ అక్కడికి వస్తుందని కలలో కూడా అనుకోలేదు. ఇక్కడి వరకు చదివి ఉత్తరం విసిరికొట్టకు. మిగతాది కూడా చదువు.

మంచం పక్కన కూర్చుని నేనూ అందరిలాగే, "ఎందుకు లేస్తానంటున్నారండీ?" అని అడిగాను.

ఆయన పైకప్పు వైపే చూస్తూ, "మీరూ అదే అడుగుతున్నారా అమ్మా? పడుకుంటానన్నప్పుడు ఎందుకని ఎవరూ అడగలేదు" అన్నాడు.

"ఇంకెన్నో రోజులు లేవు కదా అంటున్నారు డాక్టరుగారు" అన్నాను.

"ఆయన దేవుడిలాంటోడమ్మా. రోజూ వచ్చి బతిమాలతాడు. అంత పెద్దాయన బతిమాలుతుంటే కాదనలేక చస్తున్నా. మీరన్నా ఆయనకి చెప్పండమ్మా, బతిమాలొద్దని."

మర్నాడు కమిటీ కూర్చుంది. ఆ పలక చేసింది నా తమ్ముడని ముందే చెప్పి, నన్ను బయట కూర్చోమంటారా అని అడిగాను. అధ్యక్షురాలు చుట్టూ చూసింది. ఎవరూ అడ్డు చెప్పలేదు. నేను నీ వైపే ఉంటానని అందరూ అనుకుని ఉంటారు. వార్డుకు వెళ్ళేదాకా నేనూ అలాగే అనుకున్నాను.

పెద్ద డాక్టరు దాచకుండా చెప్పాడు. "ఒకాయన లేస్తే మిగతావాళ్ళూ లేస్తారు. ఇన్నాళ్ళ పని నీళ్ళలో పోసినట్టే. అందుకే ఆయన్ని అడుగుతున్నా, బలవంతం చెయ్యట్లేదు." అందులో అబద్ధం ఒక్కటీ లేదు. డాక్టరుగారిని ఇంకా అడగనివ్వాలనేవాళ్ళూ, వెంటనే లేపాలనేవాళ్ళూ సరిసమానంగా తేలారు. నా ఒక్కదాని చెయ్యి మిగిలింది. అప్పుడు నువ్వే కళ్ళముందు మెదిలావు. ఆ పలక మొదటి నమూనా మా వంటింట్లో పెట్టి, బావను ఎక్కించి, ఆయన పళ్ళు టకటకలాడుతుంటే నువ్వు పొట్టపట్టుకుని నవ్వడం. ఆ నవ్వు చూస్తూనే, వెంటనే లేపాలనేవాళ్ళతో చెయ్యెత్తాను.

ఆ మధ్యాహ్నమే ఆయన్ని లేపారు. ఒక పక్క నర్సు, ఇంకో పక్క పెద్ద డాక్టరు తానే స్వయంగా పట్టుకున్నాడు. కూర్చోగానే ముఖం పాలిపోయింది. మళ్ళీ పడుకోబెట్టి, మళ్ళీ కూర్చోబెట్టి, మెల్లగా కాళ్ళు కింద పెట్టించారు. నిలబడి, "నేల చల్లగా ఉందమ్మా" అన్నాడు. నవ్వుతున్నాడో ఏడుస్తున్నాడో తెలియలేదు. పక్క మంచాల వాళ్ళంతా తలలు తిప్పి చూస్తున్నారు. డాక్టరు చెప్పినట్టే అయింది. ఆ వారంలోనే ఇంకో నలుగురు లేస్తామన్నారు. పరీక్ష మూతపడింది.

ఒక మాట. ఇస్త్రీ బాబాయ్ నీ పలక మీద కాళ్ళు పెట్టినవాళ్ళలో ఒకడు. నేను చూసినంతలో గట్టిగానే నిలబడ్డాడు. ఒక్క మనిషి నిలబడితే అది ఫలితం కాదంటావు, నిజమే. అయినా నీకు చెప్పాలనిపించింది.

తప్పు చేశానని రాయడం లేదు రా. మళ్ళీ అడిగినా అదే చెయ్యెత్తుతాను. కానీ ఈ మాట నీకు ముందు నేనే చెప్పాల్సింది. నీ ఉత్తరం వచ్చేదాకా ఆగాను, వచ్చాక ఇంకా భయపడ్డాను. డాక్టరు ఇప్పటికీ వరండాలో నమస్కారం పెడతాడు, కానీ ఆగి మాట్లాడడు. సరైన పని చేస్తే మనసు తేలికవుతుందని పిల్లలకు చెప్పేదాన్ని. ఆ మాట పుస్తకంలో కూడా రాశాను. మొన్న కొట్టేశాను.

పెద్ద డాక్టరు కొత్తవాళ్ళతో మళ్ళీ మొదలుపెడతాడట, నీ పలకతోనే. ఆ దరఖాస్తు వచ్చిన రోజు నేను గదిలో ఉండనని ముందే చెప్పేశాను. కమిటీ మనిషిగా ఇక నాకు అందులో మాట లేదు. అక్కగా మాత్రం ఒక్కటి అడుగుతాను. ఆ వార్డులో రక్తం తీయడానికి ఒకరు, తూకం చూడటానికి ఒకరు, మనసు కనుక్కోవడానికి ఒకరు ఉన్నారు. లేస్తానన్నవాడికి చెయ్యి అందించడానికి ఎవరూ లేరు. ఈసారి ఆ పనికే ఒక మనిషిని పెట్టమను. ఎందుకని అడగని మనిషిని.

ఇట్లు,
నీ కోపం ఎన్నాళ్ళున్నా ఓర్చుకునే
మీ అక్క