మూటలు పడలేదు, సేటు పడ్డాడు

బమ్రోలి, సూరత్

అక్కకు తమ్ముడు రాజేశం నమస్కరించి రాస్తున్నది. నాకు దగ్గు లేదు, జ్వరం లేదు, కూర రుచి బాగానే తెలుస్తోంది. అక్కడ నువ్వూ, బావా, పిల్లలూ ఇలాగే ఉన్నారని జాబు రాయి, నా ప్రాణం కుదుటపడుతుంది.

మగ్గాలు ఆగిపోయాయి కదా, వచ్చెయ్ అని పోయినసారి రాశావు. గదిలోవాళ్లంతా ఊళ్లకు వెళ్లిపోయి, నేనూ మన పక్కవాడ మల్లేశమూ మిగిలాం. వండుకున్నది తినబుద్ధి కావడం లేదు. వచ్చేద్దామనే అనుకున్నాను. అంతలో మిల్లు సేటు పిలిచి, మగ్గాలు బాగుచేసే చేతులేగా, కిమ్ అనే ఊరి దగ్గర తన తోటలో పిల్లలు ఎక్కి తిరిగే చిన్న రైలు చెయ్యమన్నాడు. బడులు లేక వాళ్లింటి పిల్లలు ఇల్లు పీకి పందిరేస్తున్నారట. రైలు కుదిరితే తోటలోనే నౌకరీ, కుదరకపోతే ఊరి బండి ఎక్కమన్నాడు.

పట్టాల మధ్య ఎంత వెడల్పు పెట్టాలన్నదే తగువు. ఐదంగుళాలు చాలు, ఇంజను చిన్నదవుతుంది, వానొస్తే ఇద్దరం ఎత్తి లోపల పెట్టుకోవచ్చు అన్నాను. ఏడుంపావు పెడదామన్నాడు మల్లేశం. నేను వింటే కదా! ఐదంగుళాలకే చేశాను. మిల్లు అలవాటు కొద్దీ మనిషంత బరువున్న చీరల మూటలు రైలు పెట్టెల మీద వేసి మూడు చుట్లు తిప్పాను. ఒక్క మూటా పడలేదు.

నాలుగో చుట్టుకు సేటే ఎక్కాడు. మలుపులో భార్యకు చెయ్యి ఊపుతూ పక్కకు వంగాడు, అంతే, ఇంజనుతో సహా గడ్డిలో వెల్లకిలా పడ్డాడు!

"మూటలు చేతులూపుతయా అన్నా? మనిషన్నంక ఊకుంటడా, గిటు వంగుతడు, గటు వంగుతడు. జర ఎడల్పు పెట్టుమంటే ఇన్నవా?" అని మల్లేశం చెవిలో సణుగుడు.

సేటు గడ్డి దులుపుకుని, "అరే భాయ్, పిల్లలైతే ఇంకా వంగుతారు. పెద్దది చెయ్" అని నవ్వేశాడు. బతికిపోయాననుకో.

ఏడుంపావు పెట్టాం. ఇంజను నలుగురు పట్టినా లేవదు, అందుకే పట్టాలనే షెడ్డులోపలికి వేశాం. ఆ బరువు వల్లే తడిలోనూ చక్రాలు జారకుండా ఎనిమిది మందిని లాగుతోంది. సేటు తల్లి మాస్కు పెట్టుకుని ఎక్కి, దిగనంటే దిగనంది!

రెండో టీకా వేయించుకో, బావనూ వదలకు. ఎవరైనా ఇటు వస్తుంటే ఎల్లిపాయ కారం పంపు. అత్తమ్మకు దండాలు చెప్పు, పిల్లలకు ముద్దులు.

అక్కా, రైలు నడిచింది కాబట్టి నౌకరీ నిలిచింది. నౌకరీ నిలిచింది కాబట్టి ఈ రాఖీకి రాలేను. రాసేటప్పుడే ఏడుపొస్తోంది. తిట్టుకోకుండా దీవించి, రాఖీ కవరులో పెట్టి పంపు. మల్లేశంతో కట్టించుకుంటాను.

నీ తమ్ముడు
రాజేశం