మూత తీసినందుకు

అమ్మకు గ్వెనిత్ నమస్కారాలు. చెల్లీ నేనూ ప్రాణాలతో ఉన్నాం. అంతకు మించి క్షేమమని నాచేత రాయించకు. నాన్న దగ్గు తగ్గిందని రాశావు, సంతోషం.

మా స్టూడియోలో రక్తం తాగే దెయ్యం వేషం కట్టే ఆవిడ ఎలాంటి మనిషని అడిగావు. మంచి మనిషే. పెట్టుడు కోరలకు చిగుళ్ళు ఒరుసుకుపోయి, పాపం, మధ్యాహ్నం సూప్ గొట్టంతో పీల్చుకుంటుంది. నెత్తురంటావా, అది చక్కెర పాకం. గౌనుకు అంటిందంటే కందిరీగలు నా కుట్టు బల్ల దాకా వస్తాయి. చెల్లి ఓల్వెన్ ఎందుకు ఉత్తరం రాయటం లేదన్నావు. చెబుతాను, ముందు ఇది విను.

ఈ సినిమాకు మూలం నూరేళ్ళ నాటి చిన్న నవల. లైబ్రరీ నుంచి తెచ్చుకున్నాను. బడి మానేసినదాన్ని కదా, రెండుసార్లు చదివితే గానీ ఎక్కలేదు. అందులో శవపేటికలో పడుకున్న పిల్ల ఒక్కసారి కూడా అరవదు. భయమంతా ఆ మౌనంలోనే ఉంది. ఆ మాటే దర్శకుడు లాంగ్రిష్‌తో అన్నాను.

"నువ్వు గుండీలు కుట్టుకోవమ్మా. మౌనానికి టికెట్లు తెగవు," అన్నాడు. చుట్టూ ఉన్నవాళ్ళు ఇకిలించారు.

పోయిన మంగళవారం ఆ సన్నివేశమే తీశారు. పొగమంచు కోసం పొద్దుటి నుంచి ఆవిరి వదిలితే కొత్త చెక్క ఉబ్బి, పేటిక మూత బిగుసుకుపోయింది. లోపల పిల్ల తన్నుతోంది, గీరుతోంది, అరుస్తోంది. లాంగ్రిష్ చెయ్యెత్తి, "ఆపొద్దు, తియ్యండి! బంగారంలాంటి అరుపు!" అన్నాడు.

వడ్రంగులు టీకి పోయారు. మా దగ్గర ఎవరి పని వాళ్ళదే. దీపాలవాడు కుర్చీ జరపకూడదు, కుట్టుపనిదాన్ని నేను మేకు ముట్టుకోకూడదు, యూనియన్ కట్టుబాటు. పక్కనే నిలబడ్డ దీపాలవాళ్ళను "పట్టండయ్యా!" అని కేకేశాను.

"అది వడ్రంగుల పనమ్మాయ్. మేం చెయ్యేస్తే రేపు స్టూడియో మొత్తం సమ్మె," అన్నాడొకడు.

వడ్రంగి పెట్టెలోంచి ఇనుప పలుగు తీసి నేనే మూత పెకలించాను. అప్పుడొచ్చాడు వడ్రంగి మేస్త్రీ టపర్, చేతిలో టీ కప్పుతో. లోపలి పిల్ల వైపు చూడనైనా లేదు.

"ఎవరే నా పలుగు ముట్టుకుంది?"

"నేనే. ఇంకోసారి ముట్టుకోమంటావా, నీ నెత్తి మీద?"

నాన్నా యూనియన్ మనిషే. గనిలో కప్పు కూలితే ఎవడి చేతిలో ఎవడి పార ఉందని వాళ్ళెప్పుడైనా అడిగారా, కనుక్కుని రాయి. టపర్ ఫిర్యాదుతో నా యూనియన్ కార్డు లాక్కున్నారు, మర్నాడే పని పోయింది. కార్డు లేనిదే ఏ స్టూడియో గుమ్మం తొక్కనివ్వదు.

ఇంతదాకా దాచాను, ఇక దాచను. పేటికలో ఉన్నది మన ఓల్వెన్. పెద్ద నటికి బదులు పడుకోవడానికి రోజు కూలికి పెట్టుకున్నారు. గోళ్ళు ఊడిపోయి వేళ్ళన్నిటికీ కట్లున్నాయి. అందుకే రాయలేదు.

అసలు రోత ఇంకా ఉంది. లాంగ్రిష్ పళ్ళ బుట్ట పట్టుకుని మా గదికొచ్చాడు. ఆ అరుపు సినిమాలో ఉంచుతాడట. ఓల్వెన్‌కు మాటలున్న వేషం ఇస్తాడట, అందులో మళ్ళీ పేటిక. చిన్నపిల్ల కనుక నీ సంతకం కావాలట. వాణ్ణి మెట్ల మీంచి దొర్లించబోతే ఇదే అడ్డొచ్చింది.

"అక్కా, నీ పని పోయిందని నాదీ పోగొడతావా? ఆ సినిమాలో నిజమైంది నా అరుపొక్కటే అన్నాడాయన. ఊళ్ళో అందరూ వింటారు!"

"వింటారే. అమ్మ కూడా వింటుంది."

మొహం తిప్పుకుంది. అప్పటి నుంచి నాతో మాటల్లేవు.

లాంగ్రిష్ పంపే కాగితం పొయ్యిలో వెయ్యి. దాని ఏడుపు చూసి జాలిపడి సంతకం పెట్టావో, నేను నీ కూతుర్ని కాను. తిట్టినా కొట్టినా శనివారం రైలుకి దాన్ని తీసుకొస్తున్నాను. వెనక గదిలో పక్క వేసి, ఆ గది తలుపు ఊడదీయించు. మళ్ళీ పేటికలో పడుకుంటానని పంతం పట్టి కూర్చున్న పిల్ల, స్నానాల గది తలుపు కూడా వేసుకోలేక, తాను మాట్లాడని అక్కనే గుమ్మంలో కాపలా నిలబెట్టుకుంటోంది.

ఇట్లు,
పని పోయినా బెంగ లేని నీ పెద్ద కూతురు,
గ్వెనిత్